ఆల్ప్ దుయెజ్ ఎక్కడానికి బూర్ దువాజాన్‌లో అద్దె సైకిల్: ఒక సమీక్ష

ఫ్రెంచి ఆల్ప్స్‌లో సెలవులు గడపడానికి వెళ్లి, అందులో ఒక రోజు సైకిల్ మీద కొండ ఎక్కాలని కోరుకునే వారు సొంత సైకిల్‌ను విప్పి, పెట్టెలో సర్ది, విమానంలో మోసుకుపోవలసిన అవసరం లేదన్నది నా అభిప్రాయం. ఇజేర్ జిల్లాలో, రొమాంష్ నది లోయలో ఉన్న బూర్ దువాజాన్ అనే చిన్న ఊళ్లో మంచి రోడ్ సైకిళ్లు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. మా తమ్ముడూ నేనూ అక్కడి ప్రధాన వీధిలోని ఒక దుకాణంలో చెరొక సైకిల్ తీసుకుని, ఆల్ప్ దుయెజ్ కొండ ఎక్కి, సారెన్ కనుమ మీదుగా చుట్టి, సాయంత్రానికి తిరిగి అప్పగించాము. ఆ దుకాణం పేరు కంటే అలాంటి చోట ఏమేమి అడిగి తీసుకోవాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం కనుక పేరు రాయడం లేదు. నాకు బాగా నచ్చిన విషయాలతో పాటు, ఆ దుకాణం తప్పక సరిదిద్దుకోవలసిన ఒక లోపాన్ని గురించి కూడా ఇక్కడ వివరంగా చెబుతాను.

బూర్ దువాజాన్ సముద్రమట్టానికి సుమారు 720 మీటర్ల ఎత్తులో, చుట్టూ నిట్టనిలువుగా లేచిన కొండల నడుమ చదునైన లోయలో ఉంటుంది. గ్రెనోబుల్ నగరం నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. బస్సులో సులభంగా చేరుకోవచ్చు. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని సైకిల్ దుకాణాలు ఉండటానికి కారణం ఊరి పక్కనే మొదలయ్యే ఆల్ప్ దుయెజ్ ఘాట్ రోడ్డు. 13.8 కిలోమీటర్ల పొడవు, సగటున 8.1 శాతం వాలు, 21 హెయిర్‌పిన్ మలుపులు ఉన్న ఈ దారి 1952లో తొలిసారి టూర్ ద ఫ్రాన్స్ పందెంలో చేరింది. ఆ రోజు గెలిచినవాడు ఇటలీకి చెందిన ఫౌస్టో కొప్పి. తరువాత 1976 వరకు పందెం ఆ కొండకు రాలేదు గాని, ఆపైన చాలాసార్లు వచ్చింది, ఈ కొండకు వచ్చినంత పేరు మరే కొండకూ రాలేదంటే అతిశయోక్తి కాదు. అందుకే వేసవిలో, ముఖ్యంగా లా మార్మోట్ అనే పెద్ద సామూహిక సైకిల్ పందెం జరిగే రోజుల్లో, అద్దె సైకిళ్లు ముందే నిండిపోతాయి. మీ కొలతకు సరిపోయే సైకిల్ కావాలంటే వారాల ముందుగానే ఇంటర్నెట్‌లో బుక్ చేసుకోవడం మంచిది.

బుక్ చేసుకునేటప్పుడు దుకాణం వారు అడిగిన ప్రశ్నలే వారి మీద నాకు మొదటి గౌరవం కలిగించాయి. నా ఎత్తు, బరువు, కాలి లోపలి పొడవు, ఏ రకం పెడళ్లు వాడతాను, ఇంతకుముందు ఎంత పొడవైన కొండలు ఎక్కాను అన్నవి ముందే రాసి పంపించమన్నారు. ఉదయం వెళ్లేసరికి నా పేరు రాసిన చీటీ కట్టిన సైకిల్ స్టాండుకు బిగించి సిద్ధంగా ఉంది. మెకానిక్ నన్ను సీటు మీద కూర్చోబెట్టి, మడమను పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పమని, పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు మోకాలు పూర్తిగా చాపుకుంటోందో లేదో పక్క నుంచి చూశాడు. రెండు మిల్లీమీటర్లు దించాడు, మళ్లీ చూశాడు, మరొక మిల్లీమీటరు ఎత్తాడు. ఆ తరువాత సీటు గొట్టం మీద సన్నని టేపు ముక్క అంటించి, దారిలో జారినా ఇదే గీతకు తెచ్చుకొమ్మని చెప్పాడు. గంటన్నరకు పైగా ఒకే వాలులో, దాదాపు ఒకే భంగిమలో కూర్చుని తొక్కవలసిన కొండకు ఆ మిల్లీమీటర్లే మోకాళ్లను కాపాడతాయి. ఇంత ఓపికగా సీటు సరిచేసిన వారిని నేను మన నగరాల్లోని ఖరీదైన దుకాణాల్లో కూడా అరుదుగా చూశాను.

ఇక గేర్ల సంగతి. కార్బన్ ఫ్రేము, పేరున్న బ్రాండు చూసి చాలామంది సంతోషపడిపోతారు గాని, ఆల్ప్ దుయెజ్‌కు వెళ్లేవారు ముందుగా చూడవలసింది వెనుక చక్రం మీద అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు ఉన్నాయన్నదే. నాకిచ్చిన సైకిల్‌కు ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనుక 11 నుంచి 34 పళ్ల వరకు ఉన్న చక్రాల వరుస ఉన్నాయి. అంటే అతి తేలికైన గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం కూడా సరిగ్గా ఒకే చుట్టు తిరుగుతుంది, సైకిల్ రెండు మీటర్లకు కొంచెం పైగా ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పినా వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 85 కిలోలు అనుకుంటే, పది శాతం వాలులో ఆ వేగానికి దాదాపు 185 వాట్ల శక్తి కావాలి. అదే వెనుక పెద్ద చక్రానికి 28 పళ్లే ఉంటే, అదే లయలో తొక్కడానికి 220 వాట్లకు పైగా కావాలి. వారాంతాల్లో మాత్రమే సైకిల్ తొక్కే మనలాంటి వారు మొదటి శక్తిని ఓపికగా గంటకు పైగా నిలుపుకోగలరు గాని, రెండవదానితో పావుగంటలోనే కాళ్లు చచ్చుబడిపోతాయి. కాబట్టి 34 పళ్లు లేని సైకిల్ ఇస్తే, అది ఎంత ఖరీదైనదైనా సరే, మార్చి ఇవ్వమని మొహమాటం లేకుండా అడగండి.

బ్రేకుల విషయంలో మన దేశం నుంచి వెళ్లేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది ఒకటుంది. మన సైకిళ్లకు సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రాన్ని పడుతుంది. ఫ్రాన్స్‌లో మాత్రం ముందు చక్రం బ్రేకు ఎడమచేతికి ఉంటుంది. దిగుడులో, మలుపు ముంచుకొచ్చినప్పుడు చెయ్యి పాత అలవాటు ప్రకారమే నొక్కుతుంది. వెనుక చక్రాన్ని నొక్కాననుకుని ముందు చక్రాన్ని గట్టిగా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడిపోతాడు. మేము భారతీయులమని తెలియగానే మెకానిక్ తనంతట తానే ఈ సంగతి ప్రస్తావించి, డిస్కు బ్రేకుల నూనె గొట్టాలు ఫ్రేము లోపలి నుంచి పోతాయి కాబట్టి ఒక్క రోజు అద్దెకు అటూ ఇటూ మార్చడం కుదరదని చెప్పి, దుకాణం వెనుక ఉన్న ఖాళీ స్థలంలో పది నిమిషాలు ఎడమచేత్తో ఆపడం అలవాటు చేసుకోమన్నాడు. రోడ్డుకు కుడివైపున నడపాలన్న మాట కూడా అప్పుడే గుర్తుచేశాడు. ఈ ఒక్క శ్రద్ధకే ఆ దుకాణానికి పూర్తి మార్కులు వేయాలనిపించింది.

టైర్లు 28 మిల్లీమీటర్ల వెడల్పువి, దాదాపు కొత్తవి. మనవాళ్లు రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టించుకోవడానికి అలవాటుపడినవారు. అక్కడ నా బరువు చూసి గాలిని కొంత తగ్గించే ఇచ్చారు. సారెన్ కనుమ దిగేటప్పుడు ఆ తగ్గింపు విలువ బాగా తెలిసింది.

ఊరు దాటి చదునైన రోడ్డు మీద పెడల్ నాలుగు చుట్లు తిప్పేసరికే కొండ మొదలవుతుంది. ఒళ్లు వేడెక్కేదాకా కూడా ఆగదు. మొదటి రెండు కిలోమీటర్లు పది శాతానికి పైగా వాలుతో, మొత్తం దారిలోనే అతి కఠినంగా ఉంటాయి. మలుపులకు కింద నుంచి పైకి 21 మొదలుకొని 1 దాకా తగ్గుతూ అంకెలు వేశారు. ప్రతి మలుపు దగ్గరా ఎత్తు, టూర్ పందెంలో ఈ కొండ మీద గెలిచిన ఒకరి పేరు రాసిన బోర్డు ఉంటుంది. విజేతల సంఖ్య 21 దాటిపోయింది కాబట్టి కింది మలుపుల బోర్డులపై రెండేసి పేర్లు కనబడతాయి. 16వ మలుపు దగ్గర లా గార్డ్ అనే పల్లె వచ్చేదాకా తల ఎత్తి ఏ బోర్డూ చదివే ఓపిక ఉండదు. ఇక్కడే ఆ 34 పళ్ల చక్రం తన విలువ చూపించింది. పక్క నుంచి వేగంగా దూసుకుపోయిన కొందరు పదో మలుపు దగ్గర గోడకు చేరగిలబడి రొప్పుతూ కనిపించారు. మేము మాత్రం ఒకే లయలో, మాట్లాడుకోగలిగిన ఊపిరితో సాగిపోయాము. మలుపు తిరిగే చోట రోడ్డు కొద్ది మీటర్ల మేర దాదాపు చదునవుతుంది, బయటి అంచు పట్టుకుని తిరిగితే కాళ్లకు రెండు మూడు క్షణాల విశ్రాంతి దొరుకుతుంది. అలాంటి విశ్రాంతులు 21 ఉండటమే ఈ కొండలోని దయ అని నాకు అనిపించింది.

ఏడో మలుపు వద్ద సెయింట్ ఫెర్రియోల్ చర్చి ఉంది. నెదర్లాండ్స్ అభిమానులు పందెం రోజున నారింజ రంగు దుస్తుల్లో గుమిగూడేది ఇక్కడే. 1976 నుంచి 1989 లోపల ఆ దేశపు రైడర్లు ఈ కొండ మీద ఎనిమిది సార్లు గెలిచారు. యోప్ జూటమెల్క్, హెన్నీ కౌపర్, పీటర్ విన్నెన్ తలా రెండుసార్లు గెలిచినవారే. మామూలు రోజున ఆ చోటు ఎంతో ప్రశాంతంగా ఉంటుంది, చర్చి గోడ నీడలో నిలబడి చూస్తే దాటి వచ్చిన మలుపులన్నీ కాళ్ల కింద పరచుకుని కనిపిస్తాయి. పందెం జరగని రోజున వెళ్లడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను, కొండను కొండగా చూడగలం. దారిలో ఫొటోగ్రాఫర్లు నిలబడి ఫొటో తీసి చేతిలో కార్డు పెడతారు; నచ్చితే తరువాత కొనుక్కోవచ్చు, కొనాలన్న బలవంతమేమీ లేదు.

ఉయెజ్ పల్లె దాటాక వాలు మళ్లీ బిగుస్తుంది. కొండకు ఎండ బాగా తగులుతుంది కాబట్టి జూలై, ఆగస్టు నెలల్లో ఉదయం తొమ్మిది లోపే మొదలుపెట్టడం అవసరం. కాని దుకాణం ఉదయం ఎనిమిదిన్నరకు గాని తెరవరు. సీటు సరిచేయించుకుని, బ్రేకులు అలవాటు చేసుకుని బయటపడేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ముందురోజు సాయంత్రమే సైకిల్ తీసుకుపోవడానికి వీలు కల్పిస్తే, ఆ అదనపు సమయానికి కొంత రుసుము తీసుకున్నా సరే, వేడికి తట్టుకోలేని వారికి ఎంతో మేలు జరుగుతుంది. పైన స్కీయింగ్ పట్టణంలో ప్రవేశించగానే కనబడే బ్యానరు దగ్గరే చాలామంది ఆగిపోతారు. టూర్ పందెం ముగిసే చోటు ఇంకా కొంచెం పైన, ఊరిని దాటుకుంటూ వెళ్తే, సుమారు 1,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లోయ నుంచి అక్కడికి దాదాపు 1,100 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. ఫ్రాన్స్‌లో చాలాచోట్ల మధ్యాహ్నపు వేడి భోజనం పన్నెండు నుంచి రెండు గంటల మధ్యనే వడ్డిస్తారు కాబట్టి, ముఖ్యంగా శాకాహారులు, కింద ఊళ్లోని బేకరీలోనే రొట్టె, చీజ్ కొనుక్కుని జేబులో పెట్టుకోవడం మంచిది. పైన కాఫీ దుకాణంలో పండ్ల షర్బత్, మిర్తిల్ అనే చిన్న నీలి పండ్లతో చేసిన టార్ట్ మాకు సరిపోయాయి.

అక్కడి నుంచి వచ్చిన దారినే దిగిపోకుండా సారెన్ కనుమ మీదుగా చుట్టి రమ్మని మ్యాపు మీద గీసి ఇచ్చింది కూడా దుకాణం వారే. ఆ సలహాకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. చిన్న విమానాల రన్‌వేను దాటి, కొంచెం దిగి, వాగు మీది వంతెన నుంచి మళ్లీ ఎక్కితే 1,999 మీటర్ల ఎత్తున కనుమ వస్తుంది. హోటళ్లు, కేబుల్ కార్ల తీగలు అన్నీ వెనకబడిపోయి, గడ్డి మైదానాలు, గొర్రెల మందలు, వాటి మెడగంటల చప్పుడు మాత్రమే మిగులుతాయి. ఎదురుగా మంచు కప్పుకున్న లా మేజ్ శిఖరం కనబడుతుంది. 2013లో టూర్ పందెం ఒకే రోజున ఆల్ప్ దుయెజ్‌ను రెండుసార్లు ఎక్కినప్పుడు, మధ్యలో ఈ కనుమ మీదుగానే దిగింది. దిగుడు ప్రమాదకరంగా ఉందని అప్పుడు కొందరు రైడర్లు అభ్యంతరం చెప్పారు, అందులో న్యాయం ఉంది. రోడ్డు సన్నగా, అతుకులతో, అక్కడక్కడ కంకర రాళ్లతో ఉంటుంది. చాలాచోట్ల అంచున గోడ ఉండదు. లోయలో ముప్పై డిగ్రీలు ఉన్నా పైన ఏడెనిమిది డిగ్రీలు తక్కువగా ఉంటుంది, చెమటతో తడిసిన ఒంటికి దిగుడు గాలి తగిలితే వణుకు పుడుతుంది కాబట్టి పలుచని జాకెట్ తప్పనిసరి. చలికాలమంతా ఈ కనుమ దారి మూసి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

నేను చెబుతానన్న లోపం బయటపడింది ఈ దిగుడులోనే. క్లావాన్ పల్లెకు ఇంకా పైన ఉండగా పదునైన రాయి తగిలి నా వెనుక టైరు పంక్చరు అయింది. సీటు కింది సంచిలో రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ పలకలు, చిన్న పంపు అన్నీ పద్ధతిగా సర్ది ఉన్నాయి. టైరు విప్పి, లోపల గుచ్చుకున్న రాతి ముక్క తీసేసి, కొత్త ట్యూబు ఎక్కించి చూస్తే, దాని వాల్వు రిమ్ము లోపలే ఉండిపోయి బయటకు కనబడలేదు. ఆ సైకిల్‌కు గాలిని చీల్చుకుపోయే లోతైన రిమ్ములు వేశారు. లోతు 45 మిల్లీమీటర్లు. సంచిలో పెట్టిన ట్యూబుల వాల్వు పొడవేమో 40 మిల్లీమీటర్లే. పంపు తల పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండో ట్యూబూ అలాంటిదే. తమ్ముడి ట్యూబులు అతని వెడల్పాటి టైర్లకు సరిపడేవి కాబట్టి నాకు పనికిరావు. వాహనాలు అరుదుగా తిరిగే ఆ దారిలో అరగంట గడిచాక వచ్చిన ఒక నెదర్లాండ్స్ దంపతుల దగ్గర వాల్వుకు తగిలించే పొడిగింపు గొట్టం ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే పల్లె దాకా నడిచి దిగవలసి వచ్చేది. సీటు మిల్లీమీటర్లు కొలిచిన దుకాణం ఈ ఐదు మిల్లీమీటర్లను కొలవకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. చలి గాలి వీస్తున్నప్పుడు, సాయంత్రం పొద్దుపోయాక ఒంటరిగా వెళ్లిన వారికి ఇది చిన్న విషయం కాదు.

మిజోయెన్ పల్లె మీదుగా షాంబోన్ ఆనకట్ట చేరాక పెద్ద రహదారిలో కలిసి బూర్ దువాజాన్‌కు దిగాలి. ఆ రహదారి మీద సొరంగాలు ఉన్నాయి. ముందు వెనుక లైట్లు అడగకుండానే బిగించి ఇచ్చినందుకు దుకాణానికి కృతజ్ఞతలు. మొత్తం చుట్టు 50 కిలోమీటర్లకు కొంచెం పైనే ఉంటుంది.

తమ్ముడు తీసుకున్నది బ్యాటరీ సైకిల్. యూరప్ నిబంధనల ప్రకారం ఇలాంటి సైకిళ్ల మోటారు నిరంతరంగా ఇచ్చే శక్తి 250 వాట్లకు మించకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటగానే సాయం ఆగిపోవాలి. ఎక్కుడులో ఆ వేగం రానే రాదు కాబట్టి మోటారు సాయం చివరిదాకా అందుతుంది, అయితే తొక్కడం మానితే బండి కదలదు. తక్కువ సాయంతో నడిపితే బ్యాటరీ ఈ మొత్తం చుట్టుకు సరిపోయింది. తొక్కే అలవాటు లేని కుటుంబ సభ్యులతో కలిసి వెళ్లేవారికి దీన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇద్దరు మనుషుల శక్తిలో ఉన్న తేడాను అది సరిచేసి, రోజంతా పక్కపక్కన ఉండనిస్తుంది. దాని బరువు ఎక్కువ కాబట్టి దిగుడులో బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి, వాటిని పట్టి పట్టి వదలడం మాత్రం నేర్చుకోవాలి.

డబ్బు విషయానికొస్తే, నా సైకిల్‌కు రోజుకు 60 యూరోలు తీసుకున్నారు. హెల్మెట్, లైట్లు, రిపేరు సంచి అందులోనే కలిసి ఉన్నాయి. పెడళ్లు, బూట్లు మాత్రం మనవే తీసుకువెళ్లడం మంచిది. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తాన్ని నిలిపి ఉంచుతారు. ఇందుకు డెబిట్ కార్డు తీసుకోలేదు, కాబట్టి క్రెడిట్ కార్డు, పాస్‌పోర్టు రెండూ దగ్గర ఉండాలి. షెంగెన్ వీసా కోసం మనం కొనే 30,000 యూరోల ప్రయాణ బీమా పత్రంలో కొండల మీద సైక్లింగ్‌కు వర్తింపు ఉందో లేదో బయలుదేరే ముందే చదువుకోవాలి. దుకాణం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి వరకు మూసి ఉంటుంది, తొందరగా తిరిగి వచ్చినవారు బయట వేచి ఉండక తప్పదు.

తిరిగి అప్పగించేటప్పుడు వాల్వు సంగతి వివరంగా చెప్పాను. మెకానిక్ వాదించలేదు, సంచిలోని ట్యూబును రిమ్ము పక్కన పెట్టి చూసి, క్షమాపణ చెప్పి, ట్యూబు ధర తీసుకోకుండా, మరుసటి రోజు కోసం వరుసగా నిలబెట్టిన సైకిళ్ల సంచులన్నీ నా ఎదుటే విప్పడం మొదలుపెట్టాడు. ఆ ఊరికి మళ్లీ వెళ్తే అదే దుకాణానికి వెళ్తాను, వెనుక 34 పళ్లు ఉన్న సైకిలే అడుగుతాను, సంచిలోని ట్యూబు తీసి రిమ్ముకు ఆనించి చూసుకున్నాకే గడప దాటుతాను.